రెండు పోట్లు

తమిళదేశంలో తెలుగువాళ్ళు స్థిరపడ్డ రాజపాళయంలో ఆచారం మీద ఎవరికి ఏ సందేహం వచ్చినా తంగమ్మాళ్ ఇంటి తిన్నె ఎక్కేవాళ్ళు. ఏ దిక్కు చూసి ప్రయాణం కట్టాలి, ఏ రోజు తలకు పోసుకోకూడదు, బిడ్డ పుట్టిన కబురు వింటే తండ్రి కట్టుబట్టలతోనే తలకు పోసుకోవాలా లేక విప్పి పోసుకోవచ్చా, అన్నిటికీ ఆమె దగ్గర తీర్పు ఉండేది. కట్టుబట్టలతోనే పోసుకోవాలి. బట్టలు విప్పేంత ఆలస్యం చేసేవాడికి బిడ్డ మీద ప్రేమ ఏముంటుందని ఆమె ఎదురడిగేది. చదువు రాదు, సంతకానికి బొటనవేలే. కానీ ఎవరి పెళ్ళిలో కొబ్బరికాయ కుళ్ళిందో, ఆ కాయ ఎవరి తోటలోదో కూడా ఆమెకు జ్ఞాపకం. అందుకని పంచాంగం చదివిన అయ్యర్ కూడా ఆమెతో వాదానికి దిగేవాడు కాదు.

ఆమె తీర్పుల్లో ఒకటి మనవడు లక్ష్మణరాజాకు మాత్రం అరికాలి ముల్లులాగా దిగి ఉండిపోయింది. అతని భార్య మంగళం, సొంత మేనమామ కూతురే. పోయిన ఏడాది ఆమె నెల తప్పిన సంగతి ఇంట్లో ఇంకా బయటపడకముందు, అతను స్నేహితులతో తిరుచ్చెందూరు పోయి సాయంత్రం దాకా సముద్రంలో ఈదులాడి వచ్చాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆ కడుపు నిలవలేదు. కడుపుతో ఉన్నదాని మొగుడు సముద్రం తాకకూడదన్నది పాత మాట. తెలియక చేసినదానికి పాపం లేదని తంగమ్మాళే అందరి ముందూ తీర్పు చెప్పింది. మంగళం అసలు ఆ మాటే ఎత్తలేదు. ఒక్కరైనా తిట్టి ఉంటే అతనికి కొంచెం తేలికపడేదేమో.

అది పంతొమ్మిది వందల ముప్పైఏడు. ఊళ్ళో నూలు మిల్లుల మాట వేడిగా ఉన్న కాలం. మేనమామా మరికొందరూ కలిసి మిల్లు పెట్టాలనుకున్నారు. మిషన్లు మాంచెస్టరు నుంచి వస్తాయి, అవి మొరాయిస్తే బుజ్జగించడం తెలిసినవాడు ఇంట్లో ఒకడుండాలి గదా అని మధురలో బి.ఏ. ముగించి ఊరికే కూర్చున్న లక్ష్మణరాజాను పంపాలని తీర్మానించారు. సరిగ్గా అప్పుడే మంగళానికి మళ్ళీ నెల తప్పింది.

రైలు స్టేషనులో సామానంతా ఎక్కించాక తంగమ్మాళ్ మనవణ్ణి పక్కకు పిలిచింది.

"లచ్చణా, ఇట్లా రా. ఒక మాట చెప్పేదుండాది."

"చెప్పు అవ్వా."

"బిడ్డ పుట్టేవరకు సముద్రం తాకొద్దు. తల ముంచేది కాదు, కాలు తడిపేది కూడా వద్దు."

"సముద్రం మీదనే గదా అవ్వా ఇంగ్లాండు పోయేది?"

"కప్పల్‌లో పోయేవాడు పలక మీద పోతాడు. బండెక్కి ఏరు దాటినవాడు ఏట్లో తానం చేసినట్లా?"

"ధనుష్కోడి దారిలోనే పోవాల. అందరూ సేతు తానం చేస్తారే."

"అందరి పెండ్లాలూ కడుపుతో ఉండారా? నువ్వు గట్టున నిలబడి చూసి, కప్పలెక్కి పో."

తమిళంలో ఓడను కప్పల్ అంటారు గనుక రాజపాళయం తెలుగులోనూ అది కప్పలే. మంగళం అవ్వ వెనక నిలబడి ఇదంతా వింటోంది. రైలు కూత వేశాక, "అవ్వ చెప్పినట్లు చేయండి," అంది. ఇంకేదో అనబోయి, "చెవులకు గుడ్డ కట్టుకోండి, చలంట," అని ముగించింది. మొదటి మాటలో పోయిన ఏడాదిదంతా ఉందని లక్ష్మణరాజాకు తెలిసింది. తల ఊపాడు. ధనుష్కోడిలో అందరూ మునుగుతుంటే గట్టున నిలబడి చూశాడు. కొలంబోలో, వాళ్ళ మాటలో కొళుంబులో, ఓడ ఎక్కేటప్పుడు అల చిమ్మి చెప్పు తడిస్తే, ఆ చెప్పును అక్కడే వదిలి రెండోదాన్ని కూడా పారేశాడు.

మాంచెస్టరులో అతను దిగిన ఇల్లు మిసెస్ టాటర్సాల్ అనే ముసలామెది. భర్త పోయాడు, పిల్లలు లేరు. పడుచుతనమంతా మిల్లులో దారం అతుకుతూ నిలబడి నిలబడి మోకాళ్ళు పాడుచేసుకుంది. ఇప్పుడు చదువుకునే కుర్రాళ్ళకు గదులిచ్చి వండిపెడుతుంది. మొదటిరోజే ఆమె తలుపు తీసి, "లోపలికి రా, లవ్," అంటే అతని చెవులు ఎర్రబడ్డాయి. పెళ్ళయినవాణ్ణి పట్టుకుని ముసలామె ఇదేం మాట అనుకున్నాడు. తర్వాత రొట్టెలమ్మే ఆమె, పోస్టు తెచ్చే పెద్దాయన, ఇంటి ముందు మెట్లు కడిగే పక్కింటావిడ అందరూ లవ్ అనే పిలిచారు. మన ఊళ్ళో నాయనా అన్నట్లే ఇది కూడా అని అర్థమై ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ ఇంట్లో ఇంకొక తెలుగువాడున్నాడు. కాకినాడ భైరవమూర్తి, రంగుల అద్దకం చదువుతున్నాడు. దేశం కాని దేశంలో తెలుగు వినబడిందని లక్ష్మణరాజా పొంగిపోయి దగ్గరికి పోతే, "ఏ దారిన వచ్చారండీ?" అని అడిగాడు.

"కొళుంబులో కప్పలెక్కి వచ్చినాను."

భైరవమూర్తి కాసేపు అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "ఎన్ని కప్పలు పట్టాయి మహారాజా?"

ఆనాటి నుంచి పేరు కప్పలరాజా అయింది. "మీ తెలుగు మా ముత్తాత తాతగారి తెలుగయ్యా. పెట్టెలో పెట్టి తాళం వేసి ఉంచారు," అని భైరవమూర్తి వెక్కిరిస్తే, "మేము జాగ్రత్తగా పెట్టినాము. మీరు వీధిలో వేసి అరగదీసినారు," అని ఇతను అంటించేవాడు. ఇద్దరికీ అట్లా నడిచేది.

ఇంటికి రాసే ఉత్తరాల్లో మిసెస్ టాటర్సాల్ సంగతులు చాలా ఉండేవి. మంగళం చదువుతుంటే తంగమ్మాళ్ చెవికి ఆ పేరు తాతరసాలమ్మ అయింది. తాతరసాలమ్మకు మోకాలి పోటు ఉండాదంట పావం, అని వావిలాకు నూనె కాచి, సీసాకు మైనం పూసి, గుడ్డలు చుట్టి పంపించింది. అది చేరిన వారమంతా ఆ ఇల్లు మందుల కొట్టులాగా వాసన వేసింది. భైరవమూర్తి కిటికీ తెరిచి పడుకున్నాడు. మిసెస్ టాటర్సాల్ మాత్రం సీసా దిండు పక్కనే పెట్టుకుంది.

చలి తగ్గి చెట్లకు మొగ్గలు పడుతున్న ఏప్రిల్‌లో, ఒక శనివారం ఆమె ఇద్దరినీ మోర్కం అనే ఊరికి బయలుదేరదీసింది. సముద్రం ఒడ్డు ఊరు. అక్కడ ఆమె చెల్లెలికి చిన్న లాడ్జి ఉంది. "రెండు రోజులు మంచి గాలి పీల్చండి. మీ ఊపిరితిత్తుల్లో ఈపాటికి పావుశేరు దూది ఉంటుంది," అంది.

లక్ష్మణరాజా వెనకాడాడు. మంగళానికి నెలలు నిండాయి. ఈ రోజో రేపో అన్నట్లుంది. ఇన్ని నెలలు కాపాడుకున్న మాట ఆఖరి వారంలో సముద్రం పక్కకు పోయి పాడుచేసుకోవడమెందుకని అతని భయం.

"మోర్కం సముద్రం చాలా మర్యాదస్తురాలు, లవ్," అంది మిసెస్ టాటర్సాల్. "సగం రోజు ఊళ్ళోనే ఉండదు."

అది వేళాకోళమని అతను అనుకున్నాడు. సరే, గట్టున నిలబడి చూసేదానికేమి అని బయలుదేరాడు.

శనివారం వాళ్ళు దిగేసరికి వాన. సముద్రం ఉన్న వైపంతా తెల్లటి దుప్పటి కప్పినట్లుంది, ఏమీ కనబడలేదు. ఆదివారం ఎండ కాసింది. మధ్యాహ్నం చెల్లెలింట్లో కడుపునిండా తిని, ముగ్గురూ సముద్రం చూడబోతే, సముద్రం లేదు. కనుచూపుమేర తడి ఇసుక. ఎక్కడో దూరాన వెండి దారంలాగా ఒక గీత. దాని అవతల కొండలు, మేఘాలు కప్పుకుని అచ్చంగా రాజపాళయం పడమటి కొండల్లాగా ఉన్నాయి. వాటిని చూసేసరికి అతనికి ఇంట్లో దొడ్డి వాకిట నిలబడినట్లయింది.

"సముద్రం ఎక్కడికి పోయింది?" అన్నాడు.

"చెప్పాను గదా, ఊళ్ళో లేదు," అంది మిసెస్ టాటర్సాల్.

జనమంతా చెప్పులు చేత పట్టుకుని ఇసుకలోకి దిగుతున్నారు. భైరవమూర్తి అప్పటికే ప్యాంటు మోకాళ్ళదాకా మడిచాడు. "పద కప్పలరాజా. ఆ గీతదాకా నడిచి పాదాలైనా తడుపుకొద్దాం. కప్పకు నీళ్ళంటే భయమేవిటి?"

"నువ్వు పో. నేను రాను."

"ఏవిటయ్యా ఇది? ధనుష్కోడిలో దిగలేదన్నావు, ఓడమీద పంపునీళ్ళు ఉప్పగా ఉన్నాయని పోసుకోలేదన్నావు. ఎత్తుకుపోయి పడేస్తాను చూడు."

అతను నిజంగానే చెయ్యి పట్టుకుని లాగాడు. లక్ష్మణరాజా ఒక్క ఉదుటున విడిపించుకుని, అంతవరకు ఎవరికీ చెప్పని మాట చెప్పేశాడు. భార్యకు నెలలు నిండాయని, బిడ్డ పుట్టేవరకు సముద్రం తాకనని అవ్వకు మాటిచ్చానని, పోయిన ఏడాది తాకితే ఏమైందో కూడా చెప్పాడు. మిసెస్ టాటర్సాల్‌కు కూడా తెలియాలని ఇంగ్లీషులోనే చెప్పాడు. చెప్పాక, ఆమె నవ్వుతుందేమోనని కిందికి చూశాడు.

ఆమె నవ్వలేదు. "మా నాన్న చేపల పడవవాడు," అంది. "ఆయన సముద్రం మీదికి పోయిన రోజు మా అమ్మ ఇంట్లో ఒక్క గుడ్డ ఉతికేది కాదు. ఉతికితే ఆయన్నే నీళ్ళపాలు చేసినట్లని. మేము ఎంత మురికిగా ఉన్నా సరే, ఆయన తిరిగి వచ్చాకే ఉతుకు." తర్వాత భైరవమూర్తి వైపు తిరిగి, "ఈ అబ్బాయిని ఇంకొకసారి లాగావంటే రాత్రికి నీకు కూడు లేదు," అంది.

భైరవమూర్తి చెవులు పట్టుకుని, తన దారిన గీతవైపు వెళ్ళిపోయాడు.

ఆమెకు కొండలు బాగా కనబడేచోట కూర్చోవాలని కోరిక. మడత కుర్చీ చంకన పెట్టుకుని, ఆమె చెయ్యి పట్టుకుని, లక్ష్మణరాజా ఇసుకలోకి దిగాడు. నీళ్ళు లేనిచోట సముద్రం ఎట్లా ఉంటుంది? తిరుచ్చెందూరులో పొద్దున్న ఎక్కడుందో పొద్దుగుంకినా అక్కడే ఉంటుంది సముద్రం. ఇక్కడిది ఇంకా దూరంగా ఉంటుంది కాబోలు, అంతే అనుకున్నాడు. మధ్యలో ఒక లోతట్టు దారి అడ్డం వచ్చింది, మన ఊళ్ళో ఎండిపోయిన వాగు మాదిరి. దాన్ని దాటి అవతల మెరకమీద కుర్చీ వేశాడు. ఆమె ఊరివైపు వీపు పెట్టి, కొండలు చూస్తూ, అల్లిక తీసింది. పసిబిడ్డ తలకు ఉన్ని టోపీ.

"ఎవరికి?" అన్నాడు.

"ఎవరికని అడుగుతాడేమిటి," అంది ఆమె. "పోయి టీ తీసుకురా, లవ్. గట్టుమీద అంగడివాళ్ళు పళ్ళెంలో పెట్టి ఇసుకలోకి తెచ్చుకోనిస్తారు."

అతను గట్టెక్కి, కెటిలూ కప్పులూ ఉన్న కొయ్య పళ్ళెం రెండు చేతులా పట్టుకుని మళ్ళీ ఇసుకలోకి దిగుతుంటే, దూరాన పక్కగా, ఆ లోతట్టు దారికి ఇవతలే, గీతవైపు నుంచి భైరవమూర్తి వడివడిగా వెనక్కి వస్తూ కనిపించాడు. అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని కేక వేశాడు.

"కప్పలరాజా, పోటు వస్తోంది. ఆవిణ్ణి తీసుకొచ్చెయ్."

రాజపాళయంలో పోటు అంటే ఒకటే. పన్ను పోటు, తల పోటు, మోకాలి పోటు. సముద్రానికి అరవై మైళ్ళ దూరాన, కొండల కింద, పత్తి చేలమధ్య బతికిన తెలుగువాళ్ళకు ఇంకొక పోటుతో ఏం పని? ఏ తరంలో మరిచారో ఆ మాట, మరిచిన సంగతి కూడా మరిచారు. పావం, ముసలామెకు తడి ఇసుకలో కూర్చుని మోకాళ్ళు లాగుతున్నాయి గామోలు అనుకున్నాడు లక్ష్మణరాజా.

"అది ఎప్పుడూ ఉండేదే," అని కేక వేశాడు. "టీ తాగితే సరిపోతుంది."

భైరవమూర్తి ఏమనుకున్నాడో ఆగి నిలబడిపోయాడు. పళ్ళెం ఒలకకుండా చూసుకుంటూ నడిచిన లక్ష్మణరాజా, ఎండిన వాగు ఉన్నచోటికి వచ్చి తలెత్తితే, అది ఎండి లేదు. బురద రంగు నీళ్ళు పక్కనుంచి దొంగలాగా వచ్చి దాన్ని నింపుతున్నాయి. చప్పుడు లేదు, అల లేదు. ముందు వైపు కొండల దగ్గరే ఉందనుకున్న సముద్రం వెనకనుంచి తిరిగి వచ్చింది. అవతల మెరకమీద మిసెస్ టాటర్సాల్ ఇంకా అటుతిరిగి అల్లుతూనే ఉంది.

అతను అరిచాడు. ఆమె తిరిగి చూసి, లేచింది. నీళ్ళదాకా వచ్చి ఒక కాలు పెట్టబోయి, మోకాలు పట్టలేక మళ్ళీ వెనక్కి పోయింది.

"నువ్వు రావద్దు," అంది అక్కడినుంచి. "నీళ్ళు వచ్చే వేళ నేనే తప్పు లెక్కపెట్టాను. అక్కడే ఉండు, లవ్. నీ భార్య సంగతి చూసుకో. నీ స్నేహితుణ్ణి పిలువు."

స్నేహితుడు చాలా దూరంలో ఉన్నాడు. గట్టుమీద మనుషులు చీమల్లాగా ఉన్నారు. మెరక చుట్టూ నీళ్ళు ముంచుకొస్తున్నాయి, మడత కుర్చీ కాళ్ళు తడిశాయి. లక్ష్మణరాజా పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. స్టేషనులో మంగళం అన్న మాట చెవిలో ఉంది. అవతల, అతని మాట పోకూడదని మోకాళ్ళ ముసలామె నీళ్ళమధ్య నిలబడి వద్దు వద్దని చెయ్యి ఊపుతోంది. ఒక తల్లిని అట్లా వదిలి ఇంకొక తల్లి మేలు కోరితే, ఆ మేలు వస్తుందా? అవ్వా, ఇక్కడ పలక లేదే, అనుకున్నాడు. పళ్ళెం ఇసుకమీద పెట్టాడు. కళ్ళు మూసుకుని నీళ్ళలో కాలు పెట్టాడు.

చలి ఎముకకు తగిలింది. నడుమంటి నీళ్ళు. అవతలికి పోయి, ఆమెను పత్తిమూటను ఎత్తినట్లు వీపుమీదికి ఎత్తుకున్నాడు. "నేను బరువు, దించు," అంటోంది. "మా ఊరి మూటలు ఇంతకన్నా బరువు," అన్నాడు. రెండు నిలువుల దూరంలో ఇవతలి ఒడ్డు ఉందనగా కింద ఇసుక జారిపోయింది. ఇద్దరూ మునిగారు. కోటూ టోపీతో సహా అతని తల ఉప్పునీళ్ళలోకి పోయింది. నోట్లో, ముక్కులో సముద్రం. లేచి ఆమెను పైకెత్తేసరికి భైరవమూర్తి పరుగున వచ్చి ఇద్దరినీ చెరొక రెక్క పట్టుకుని లాగాడు.

ముగ్గురూ గట్టెక్కి కూలబడ్డారు. టీ పళ్ళెం కెటిలుతో సహా తేలుతూ కొండలవైపు పోతోంది.

"పోటు వస్తోందని గొంతు చించుకున్నాను గదయ్యా," అన్నాడు భైరవమూర్తి రొప్పుతూ.

"మోకాలికి అనుకొన్నాను."

"మోకాలేవిటి నీ మొహం? సముద్రానికి."

"సముద్రానికి పోటేమి? దానికి మోకాళ్ళుండాయా?"

భైరవమూర్తి అతని ముఖం చూసి, విషయం అర్థమై, నవ్వాలో ఏడవాలో తెలియక ఇంగ్లీషులో మిసెస్ టాటర్సాల్‌కు చెప్పాడు. ఆమె దంతాలు టకటకలాడుతూనే పడి పడి నవ్వింది. లక్ష్మణరాజా నవ్వలేదు. తడిసిన తన చేతులను చూసుకుంటున్నాడు. ఆమె నవ్వు ఆపి, ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకుంది.

ఆ సాయంత్రమే మాంచెస్టరుకు తిరిగి వచ్చారు. మర్నాడు సోమవారం. ఆ దేశంలో సోమవారం ఉతుకుల రోజు. వీధి వీధంతా ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్ళు కట్టి దుప్పట్లు ఆరేస్తారు. ఆరోజు మిసెస్ టాటర్సాల్ తాడుమీద మాత్రం ఒక్క గుడ్డ లేదు. ఉప్పునీళ్ళు పీల్చిన కోటూ ప్యాంటూ ఆమె గౌనూ దొడ్లో తొట్టిలో అట్లాగే పడి ఉన్నాయి. పక్కింటావిడ గోడమీదుగా తొంగిచూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

"బాగానే ఉంది. మాకు సముద్రం మీద ఒకరున్నారు, కబురు రావాలి," అంది మిసెస్ టాటర్సాల్, అంతకుమించి చెప్పలేదు.

లక్ష్మణరాజా వంటింటి కిటికీలోనుంచి ఇదంతా విన్నాడు. క్లాసుకు పోలేదు. వీధిలో సైకిలు గంట మోగితే లేచి నిలబడేవాడు, అది సాగిపోతే కూర్చునేవాడు. భైరవమూర్తి ఒక్కసారి కూడా కప్పలరాజా అనలేదు. ఊరికే పక్కన కూర్చుని, ఇతను తినని బంగాళాదుంపలు కూడా తిన్నాడు.

మంగళవారం తంతి వచ్చింది. కవరు అతను బల్లమీద పెట్టి దూరంగా జరిగాడు. మిసెస్ టాటర్సాల్ చించి చదివింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ఆమె అతని తల తన భుజానికి ఆనించుకుని, చిన్నపిల్లవాణ్ణి తట్టినట్లు తట్టింది. తర్వాత గౌను చేతులు పైకి మడుచుకుని దొడ్లోకి పోయింది. మంగళవారం పూట ఆమె ఒక్కతే తాడునిండా ఉతికి ఆరేస్తే వీధిలో ఆడవాళ్ళంతా గడపల్లోకి వచ్చి చూశారు.

బిడ్డ బాగుంది. కానీ మాట పోయింది. ఉత్తరంలో రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నా అతని చేయి రాలేదు. అవ్వకు ఎదురుగా చెప్పుకోవాలని అట్టే పెట్టుకున్నాడు.

మరుసటి ఏడాది, యుద్ధం మొదలుకాక ముందే చదువు ముగించి ఇల్లు చేరాడు. మిసెస్ టాటర్సాల్ అల్లిన ఉన్ని టోపీ సముద్రం పాలయింది గనుక ఆమె మళ్ళీ అల్లి ఇచ్చింది. రాజపాళయం ఎండలో దాన్ని చూసి అందరూ నోళ్ళు నొక్కుకున్నారు. కూతురు ధనం నడుస్తోంది. కొత్త మనిషిని చూసి ముందు తల్లి కొంగు చాటుకు పోయి, తర్వాత టోపీ కోసం దగ్గరికి వచ్చింది. సాయంత్రం తిన్నెమీద బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, గుమ్మంలో మంగళం నిలబడి ఉండగా, అతను అవ్వకు అంతా చెప్పాడు. పోటు సంగతి కూడా దాచలేదు.

తంగమ్మాళ్ వక్కాకు నములుతూ విన్నది. చివరికి ఉమ్మివచ్చి కూర్చుని, "తంతి రాగానే కట్టుబట్టలతో తలకు పోసుకొన్నావా?" అని అడిగింది.

ఆ సంగతే అతనికి తట్టలేదు. "లేదు అవ్వా. మరిచినాను."

"సరి. ఇప్పుడు తప్పులు రెండైనాయి."

గుమ్మంలో మంగళం నవ్వు ఆపుకోవడం అతనికి కనిపించింది. అవ్వ తన లెక్కలో తానుంది.

"నువ్వు నీళ్ళలో పడింది ఏ రోజు?"

"ఆదివారం. మధ్యాహ్నం తిన్న తరువాత, టీ వేళకు."

"బిడ్డ ఆదివారమే పుట్టింది. సందె దీపం పెట్టినాను, ఈ పిల్ల ఏడ్చింది."

"అప్పుడు అక్కడ మేము తినేదానికి కూర్చున్న వేళ అవ్వా," అన్నాడతను మెల్లగా. ఇన్నాళ్ళూ బిడ్డ ఏ వేళకు పుట్టిందని అడిగే ధైర్యం లేక, ఈ లెక్క అతను ఎన్నడూ వేయలేదు. "మీకు సందె అయితే మాకు పగలు."

"ఆమా, నిజమే. సూరీడు మన ఇంట్లో బిడ్డను చూసి గదా ఆ ఊరికి పోయేది," అంది తంగమ్మాళ్, ఇందులో వింతేముందన్నట్లు. "ఇక్కడ మంగళానికి పోటు వచ్చింది, బిడ్డ పుట్టింది. అటుపైన అక్కడ నీకు పోటు వచ్చింది, నువ్వు మునిగినావు. కోటుతో మునిగినావా, విప్పి మునిగినావా?"

"కోటుతోనే. టోపీతో కూడా."

"తల మునిగిందా?"

"మునిగింది."

"అప్పుడేమి? బిడ్డ పుట్టినాక తండ్రి కట్టుబట్టలతో తల ముంచాల. ముంచినావు. సముద్రానికి తంతి అక్కర లేదు, దానికి ముందే తెలిసింది. నీకు జ్ఞాపకం ఉండదని అదే వచ్చి పోసి పోయింది. నువ్వు దాని దగ్గరికి పోలేదు. వెనకనుంచి వచ్చిందని నువ్వే చెప్పినావు గదా."

"ఆడబిడ్డకు ఆ తానం లేదని అయ్యర్ అంటాడే అవ్వా," అంది మంగళం, మొగుడి ముఖం చూస్తూ.

"అయ్యర్ ఎప్పుడైనా కన్నాడా?" అంది తంగమ్మాళ్.

తీర్పు అయిపోయింది. లక్ష్మణరాజా బిడ్డ నెత్తిమీద గడ్డం ఆనించాడు. మంగళం గుమ్మం దిగి వచ్చి తిన్నె పక్కన కూర్చుంది. ఆ చెమటలో కూడా టోపీ తీయనివ్వక ధనం రెండు చేతులా పట్టుకుంది.

"పావం, ఆ తాతరసాలమ్మ," అంది తంగమ్మాళ్, మళ్ళీ ఆకుకు సున్నం రాస్తూ. "నిన్ను రావద్దనింది చూడు, అది మనిషి. నూనె ఇంకొక సీసా కాచాల. ఆమెకు పోటు ఇంకా ఉండాదా?"

"ఉండాది అవ్వా," అన్నాడు లక్ష్మణరాజా. "మోకాలిదీ ఉండాది, సముద్రానిదీ ఉండాది."